ఉరుము వినపడ్డాక సైకిల్ దిగాలి

2019 జూలై 26న టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం 19వ అంచె నడుస్తోంది. ఆల్ప్స్ పర్వతాల్లో 2,770 మీటర్ల ఎత్తున ఉన్న ఇజెరాన్ కనుమను కొలంబియా కుర్రాడు ఎగాన్ బెర్నాల్ అందరికంటే ముందు దాటి, అవతలి వాలులో దూసుకుపోతున్నాడు. అతనికి 22 ఏళ్ళు. ఆ ఊపు చూస్తే పందెంలో మొదటి స్థానం ఆ సాయంత్రానికి అతనిదే అయ్యేలా ఉంది. అప్పటిదాకా ఆ స్థానంలో ఉన్న ఫ్రెంచి రైడర్ జూలియన్ అలఫిలిప్, పోగొట్టుకున్న సమయాన్ని ఆ వాలులోనే రాబట్టుకోవాలని ప్రాణాలకు తెగించి వెనక దిగుతున్నాడు. అప్పటికే కింద లోయలో వడగళ్ళ వాన పడి రోడ్డు తెల్లబడిపోయింది. మంచు తొలగించే బండి వడగళ్ళను పక్కకు నెడుతోంది. ఇంకాస్త ముందు కొండచరియ విరిగి, బురదా రాళ్ళూ రోడ్డుకు అడ్డంగా వచ్చి పడ్డాయి.

నిర్వాహకులు పందెం ఆపేశారు. కనుమ దాటినప్పటి సమయాలనే లెక్కలోకి తీసుకున్నారు. ఆ అంచెకు విజేతే లేడు. మొదటి స్థానంలో ఉన్నవాళ్ళు వేసుకునే పసుపు జెర్సీ బెర్నాల్‌కు దక్కింది, రెండు రోజుల తర్వాత పారిస్‌లో మొత్తం పందెమూ అతనే గెలిచాడు. ఆగమని రేడియోలో చెప్పినప్పుడు తనకు మొదట ఆగబుద్ధి కాలేదని అతనే తర్వాత చెప్పాడు.

సైకిల్ మీద ఉన్న మనిషికి ఆగబుద్ధి కాదు. ప్రపంచంలోకెల్లా నేర్పరులైన రైడర్లకైనా అంతే, బడి నుంచి ఇంటికి బయల్దేరిన ఎనిమిదో తరగతి పిల్లకైనా అంతే. ‘ఇంకో రెండు కిలోమీటర్లేగా, తొందరగా తొక్కితే చేరిపోతాం’ అనిపిస్తుంది. గాలివానలో సైకిలుకు జరిగే ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఆ ఒక్క ఆలోచనలోనే ఉంది. టూర్‌లో ఆపడానికి అధికారులుంటారు, రేడియో ఉంటుంది. 2016 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యకు విపరీత వాతావరణం కోసం ప్రత్యేక నిబంధనలే ఉన్నాయి. మన ఊరి రోడ్డు మీద ఆపేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి, ఎప్పుడు దిగాలో తొక్కేవాళ్ళకే తెలిసి ఉండాలి.

ముందుగా పిడుగు సంగతి.

సైకిల్ టైర్లు రబ్బరువి కాబట్టి పిడుగు ఏమీ చేయదని చాలామంది నమ్ముతారు. అది ప్రాణం మీదికి తెచ్చే నమ్మకం. కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకుని, సుమారు 30 వేల డిగ్రీల సెల్సియస్ వేడితో కిందికి దిగే విద్యుత్తుకు అంగుళం మందం రబ్బరు అడ్డమే కాదు. కారులో కూర్చున్నవాళ్ళు బతకడానికి కారణం కారు టైర్లు కావు. చుట్టూ ఉన్న లోహపు డొల్ల ఆ విద్యుత్తును తన మీదుగా నేలకు పంపేస్తుంది, లోపలివాళ్ళను తాకనివ్వదు. సైకిల్‌కు, మోటారు సైకిల్‌కు, క్యాబిన్ లేని ట్రాక్టరుకు అలాంటి డొల్ల లేదు. ఇనుము పిడుగును ఆకర్షిస్తుందన్న మాటా నిజం కాదు. ఎత్తు, ఒంటరితనం, మొనదేలిన ఆకారం పిడుగును పిలుస్తాయి. చుట్టూ చదునైన పొలాలున్న రోడ్డు మీద, లేదా చెరువు కట్ట మీద, సైకిలెక్కిన మనిషే అన్నిటికంటే ఎత్తు.

పిడుగు నేరుగా నెత్తిన పడి చనిపోయేవాళ్ళు నిజానికి కొద్దిమందే. వైద్యుల అంచనా ప్రకారం పిడుగు బాధితుల్లో సగం దాకా నేల గుండా పాకిన విద్యుత్తు వల్ల దెబ్బతిన్నవాళ్ళు. పిడుగు ఎక్కడో చెట్టు మీదో స్తంభం మీదో పడుతుంది. అక్కడి నుంచి విద్యుత్తు నేలలో నలువైపులా వ్యాపిస్తుంది, ఒక కాలిలోంచి ఎక్కి ఇంకో కాలిలోంచి దిగుతుంది. మరికొందరిని చెట్టు మీద పడ్డ పిడుగు పక్కకు దూకి కొడుతుంది. వానొస్తే సైకిల్‌ని చెట్టు మొదలుకు ఆనించి, తామూ అక్కడే నిలబడేవాళ్ళకు ఈ రెండు ప్రమాదాలూ ఒకేసారి ఎదురవుతాయి. చెట్టు కింద తల తడవదేమో కానీ, ఉరుముల వేళ అంతకంటే చెడ్డ చోటు లేదు.

మన దగ్గర ఇది ఎంత పెద్ద విషయమో చెప్పడానికి ఒక్క రోజు చాలు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నమోదు చేసింది. ఆ పిడుగులకు ప్రాణాలూ పోయాయి. దేశం మొత్తం మీద జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారం 2022లో పిడుగుపాటుకు బలైనవాళ్ళు 2,887 మంది. ఆ ఏడాది ప్రకృతి శక్తుల వల్ల ప్రమాదవశాత్తు సంభవించిన మరణాల్లో మూడో వంతుకు పైగా ఇవే. పోయినవాళ్ళలో ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవాళ్ళు, పశువులను మేపేవాళ్ళు. సైకిల్ మీద పొలానికి పోయి సైకిల్ మీదే తిరిగొచ్చే బతుకులు కూడా వాళ్ళవే.

ఉరుము ఎంత దూరంలో ఉందో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ధ్వని కిలోమీటరు ప్రయాణించడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. మెరుపు కనబడిన క్షణం నుంచి ఉరుము వినబడేదాకా లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం తెలుస్తుంది. ముప్పై లెక్కపెట్టేలోపే ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. అది చాలా దూరంలా అనిపిస్తుంది, నిజానికి కాదు. మబ్బుకు దూరంగా, నెత్తిన నీలాకాశం ఉన్నచోట కూడా పిడుగులు పడతాయి. పైగా మామూలు సైకిల్ గంటకు 15 కిలోమీటర్లు పోతే గాలివాన మబ్బు 30, 40 కిలోమీటర్ల వేగంతో కదలగలదు. దాన్ని తప్పించుకుని ఇంటికి చేరాలని పరుగు పెట్టడంలో లెక్కే తప్పింది. అందుకే ఇప్పుడు వాతావరణ శాఖలు ఈ లెక్కపెట్టడం కూడా వదిలేసి, ఉరుము చెవిన పడగానే లోపలికి వెళ్ళమంటున్నాయి. ఆఖరి ఉరుము వినపడ్డాక అరగంట ఆగి బయటికి రమ్మంటున్నాయి. వాన తగ్గడం, పిడుగు ప్రమాదం తీరడం ఒకటి కాదు. చినుకులు ఆగగానే బయల్దేరినవాళ్ళు పిడుగుపాటుకు గురైన సందర్భాలు తక్కువేం కాదు.

లోపల అంటే ఎక్కడ? గోడలూ పైకప్పూ ఉండి, కరెంటు తీగలూ నీటి గొట్టాలూ ఉన్న పక్కా ఇల్లు, బడి, దుకాణం, పంచాయతీ ఆఫీసు. లేదంటే కిటికీలు మూసిన కారు, ఆర్టీసీ బస్సు. బస్సు కోసం కట్టిన షెల్టరు మాత్రం కాదు. మూడువైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు, తాటాకుల టీ కొట్టు, పొలంలో మంచె తడవకుండా కాపాడతాయి, అంతే. ఏ ఆశ్రయమూ దొరకనప్పుడు సైకిల్‌ని వదిలేసి దూరంగా రావాలి. ఎత్తైన చోటు నుంచి, నీటి నుంచి, ఇనుప కంచె నుంచి, ఒంటరి చెట్టు నుంచి తప్పుకోవాలి. గుంపుగా ఉంటే ఒకరికొకరు ఎడంగా నిలబడాలి, ఒకరికి తగిలినా మిగిలినవాళ్ళు సాయం చేయగలిగేలా. పాదాలు దగ్గరగా పెట్టి గొంతుకూర్చోమని మన విపత్తు నిర్వహణ సూచనల్లో ఉంది. అమెరికా వాతావరణ శాఖ మాత్రం అది పెద్దగా కాపాడదని 2008లోనే తన సలహాల్లోంచి తీసేసింది. అందుకని దాన్ని చిట్టచివరి దారిగానే చూడాలి. ఉరిమినప్పుడు అర్జునుడి పేర్లు తలుచుకోవడం మన ఇళ్ళల్లో అలవాటు. పిల్లలకు ధైర్యమిచ్చే ఆ అలవాటుతో పాటు, ఆ పేర్లు పలుకుతూ ఏ గుమ్మంలోకి పరుగెత్తాలో కూడా నేర్పాలి.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని భయపడి దూరంగా నిలబడే జనం ఉంటారు. శరీరంలో విద్యుత్తు నిలవ ఉండదు. వెంటనే ముట్టుకోవచ్చు, ముట్టుకోవాలి. గుండె ఆగితే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండాలి, ఎవరో ఒకరు 108కి ఫోన్ చేయాలి. అమెరికా లెక్కల్లో పిడుగు తగిలిన పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. చలనం లేదు కాబట్టి పోయాడనుకోవడం పొరపాటు. పిడుగు తగిలిన వాళ్ళ విషయంలో ముందు చూడాల్సింది చలనం లేనివాళ్ళనే అని వైద్యులు చెబుతారు. ఛత్తీస్‌గఢ్‌లో నయమవుతుందన్న నమ్మకంతో బాధితులను పేడలో పాతిపెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన విలువైన సమయం పోగొట్టుకున్న సంఘటనలు వార్తలకెక్కాయి.

పిడుగు అరుదు. వాన అరుదు కాదు. రోజూ సైకిల్ తొక్కేవాళ్ళకు వానే పెద్ద శత్రువు. అందులోనూ మన సైకిళ్ళకు.

మన పల్లెల్లో తిరిగే నల్ల సైకిళ్ళకు కడ్డీ బ్రేకులు, తళతళలాడే ఉక్కు రిమ్ములు. బ్రేకు రబ్బరు ఆ రిమ్మును పట్టుకుంటేనే బండి ఆగుతుంది. సైకిల్ శాస్త్రం మీద ప్రామాణిక గ్రంథం రాసిన ఎంఐటీ ఆచార్యుడు డేవిడ్ గోర్డన్ విల్సన్ ఈ విషయాన్ని లోతుగా పరిశీలించాడు. క్రోమ్ పూత పూసిన ఉక్కు రిమ్ము తడిస్తే రబ్బరు పట్టు పొడిగా ఉన్నప్పటి పట్టులో పదో వంతు కూడా ఉండదని తేలింది. చక్రం కొన్ని చుట్లు తిరిగి, రబ్బరు ఆ నీటి పొరను తుడిచేశాక గానీ బ్రేకు పట్టదు. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. బ్రేకు నొక్కాక పట్టు దొరకడానికి మూడు సెకన్లు పట్టిందనుకుంటే ఈలోగా సైకిల్ 16 మీటర్లకు పైగా ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. ఎదురుగా వచ్చే లారీకీ సైకిలుకీ మధ్య అంత దూరం అన్నిసార్లూ ఉండదు. వానలో పడిపోయినవాళ్ళు ‘బ్రేకు వేసినా ఆగలేదు’ అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పరు. అల్యూమినియం రిమ్ములకు ఈ బాధ కొంత తక్కువ, డిస్కు బ్రేకులకు ఇంకా తక్కువ. ఉక్కు రిమ్ములున్నవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. ఆగాల్సిన చోటుకు చాలా ముందు నుంచే బ్రేకును మెల్లగా తాకిస్తూ, వదులుతూ రావాలి. అలా నీళ్ళు తుడుచుకుపోయాక అసలు బ్రేకు వేయాలి. మలుపులో తిరుగుతుండగా కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. అరిగిన రబ్బర్లను జూన్‌కు ముందు మార్పించుకోవడానికి అయ్యే ఖర్చు ఎంతో లేదు.

గొడుగు ఒక చేత్తో పట్టుకుని సైకిల్ తొక్కడం మన రోడ్ల మీద రోజూ కనిపించే దృశ్యం. రెండు బ్రేకుల్లో ఒకటే అందుబాటులో ఉంటుంది. ఎదురుగాలి ఒక్క విసురు విసిరితే గొడుగు మనిషినే లాక్కుపోతుంది. తల మీదుగా కప్పుకున్న ప్లాస్టిక్ సంచి పక్క నుంచి వచ్చే బండిని కనపడనివ్వదు, హారన్‌ను సరిగా విననివ్వదు. వానకోటు వేసుకోవాలి, అదీ ముదురు రంగుది కాక పసుపో నారింజో అయితే మేలు. మబ్బు కమ్మిన సాయంత్రం నల్ల కోటులో ఉన్న సైకిలిస్టు లారీ డ్రైవరుకు ఆఖరి క్షణం దాకా కనిపించడు. వెనక ఎర్ర లైటు ఒకటి వెలుగుతుంటే అతనికి చాలా ముందుగానే తెలుస్తుంది.

ఎండాకాలం తర్వాత పడే మొదటి వాన మరీ జారుడు. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, అరిగిన టైర్ల రబ్బరు పొడి తేలి పైకి వస్తాయి. గట్టివాన కొంతసేపు కురిస్తే అవి కొట్టుకుపోతాయి, సన్నటి తుంపర పడితే అలాగే ఉండిపోతాయి. 2020 ఆగస్టు 29న ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో టూర్ మొదటి అంచె నాడు ఇదే జరిగింది. చాలా రోజుల పొడి తర్వాత పడిన వానకు రైడర్లు వరసగా జారిపడ్డారు. సీనియర్ రైడర్ టోనీ మార్టిన్ ముందుకొచ్చి, చేతులు చాచి, గుంపు మొత్తాన్నీ నెమ్మదిగా దిగమని సైగ చేశాడు. దాన్ని పట్టించుకోక ఒక జట్టు వేగం పెంచింది. ఆ జట్టు నాయకుడు జారిపోయి రోడ్డు పక్క బోర్డుకు గుద్దుకున్నాడు.

లోతుగా గాళ్ళున్న టైరు తడిరోడ్డు మీద జారదన్నది పూర్తిగా నిజం కాదు. కారు టైరు నీటి మీద తేలిపోయినట్టు సన్నటి, గుండ్రటి సైకిల్ టైరు తేలాలంటే గంటకు వంద కిలోమీటర్ల పైన వేగం కావాలి. సైకిల్ జారేది టైరు వల్ల కన్నా అది తాకిన చోటు వల్ల. జీబ్రా గీతల రంగు, మ్యాన్‌హోల్ ఇనుప మూత, రైలు పట్టా, రాలిన ఆకులు. పట్టాలను ఏటవాలుగా కాక నేరుగా అడ్డంగా దాటాలి, తడిగా ఉంటే దిగి నడిపించుకుంటూ దాటాలి.

నీళ్ళు నిలిచిన రోడ్డు వేరే ప్రమాదం. 2020 సెప్టెంబరులో హైదరాబాద్ నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద బయటికి వెళ్ళిన 12 ఏళ్ళ పాప తెరిచి ఉన్న నాలాలో పడి కొట్టుకుపోయింది. మర్నాడు చెరువులో దొరికింది. ఆ పాప చేసిన తప్పేమీ లేదు. తన ఇంటి దగ్గర తనకు తెలిసిన దారిలోనే వెళ్ళింది. నాలా మీద మూత లేకపోవడం ఊరి తప్పు. మురికినీళ్ళు రోడ్డును, కాలువను ఒకే మట్టానికి తెచ్చేశాక కింద ఏముందో ఎవరికీ తెలియదు. నగరాలు నాలాలకు మూతలు వేసేదాకా, నీళ్ళ అడుగు కనపడని చోట సైకిల్ తొక్కవద్దని పిల్లలకు పదేపదే చెప్పడం తప్ప గత్యంతరం లేదు. పల్లెల్లో అదే ప్రమాదం లోలెవల్ వంతెనల మీద ఉంటుంది. వేగంగా పారే నీరు అరడుగు లోతున్నా పెద్ద మనిషిని పడగొట్టగలదు. సైకిల్ చక్రాలు ఆ ప్రవాహానికి అడ్డు నిలిచి దాని పనిని ఇంకా తేలిక చేస్తాయి.

గాలి గురించి బెల్జియంలో 2015 మార్చి 29న జరిగిన గెంట్-వెవెల్‌గెమ్ పందెం చెబుతుంది. అడ్డగాలికి రైడర్లు రోడ్డు మీంచి ఎగిరి పొలాల్లో, కాలువల్లో పడ్డారు. గాలికి గుంతలోకి ఎగిరిపడ్డ జెరాయింట్ థామస్ లేచి మళ్ళీ తొక్కి మూడో స్థానంలో వచ్చాడు. రెండు వందల మంది దాకా బయల్దేరితే గమ్యం చేరినవాళ్ళు 39 మంది. మామూలు వాహనాలు తిరగని పందెంలో కింద పడటం వేరు, మన హైవేలో లారీ పక్కన అడ్డగాలికి ఒక అడుగు పక్కకు జరగడం వేరు. లారీ దాటుతున్నంతసేపూ గాలి ఆగుతుంది, అది దాటిపోగానే ఒక్కసారి తోస్తుంది. ఈదురుగాలి వీచేటప్పుడు హోర్డింగులు, ఎండుకొమ్మలు, కరెంటు తీగలు తెగిపడతాయి. తీగ పడిన నీటిలోకి సైకిల్‌ను పోనివ్వకూడదు. దూరంగా నిలబడి 1912కి ఫోన్ చేయాలి, వెనక వచ్చేవాళ్ళను ఆపాలి.

చలి మనకు పట్టదనుకుంటాం. అరకు, లంబసింగి దారుల్లో తొక్కేవాళ్ళకు అది పట్టేదే. 1988 జూన్ 5న ఇటలీలో గావియా కనుమ మీద మంచు తుఫానులో జిరో సైకిల్ పందెం సాగింది. పొట్టి చేతుల జెర్సీతో అందరికంటే ముందు శిఖరం చేరిన యోహాన్ వాన్ డెర్ వెల్డె దిగుతూ దిగుతూ చలికి కూలబడిపోయి, చివరికి ముప్పావు గంటకు పైగా ఆలస్యంగా గమ్యం చేరాడు. ఎక్కేటప్పుడు ఒళ్ళు వేడిగా ఉంటుంది. దిగేటప్పుడు కాళ్ళకు పనుండదు, తడిబట్టల మీదుగా గాలి కొడుతుంది, వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు నొక్కడానికి రావు. అందుకే ఘాట్ పైకి పొడిబట్టలు తీసుకెళ్ళాలి. అవి వేసుకోవాల్సింది దిగడం మొదలుపెట్టకముందే.

ఇవన్నీ ఆగే వీలున్నవాళ్ళకు చెప్పే మాటలు. ఆదివారం పొద్దున సరదాగా అవుటర్ రింగు రోడ్డు పక్క ట్రాక్ మీద తొక్కేవాళ్ళు మబ్బు చూసి వెనక్కి తిరగగలరు. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో దాదాపు 45 శాతం ఇళ్ళల్లో సైకిల్ ఉంది. వాటిలో సరదా సైకిళ్ళు కొన్నే. రాత్రి డ్యూటీకి పోయే వాచ్‌మన్, తెల్లవారకముందే పత్రికలు వేసే కుర్రాడు, పాలక్యాన్లు తగిలించుకున్న రైతు, మేస్త్రీ దగ్గరికి సమయానికి చేరకపోతే ఆ రోజు కూలీ పోయే మనిషి ఉరుము విన్నా ఆగరు. ఆగితే ఏం పోతుందో వాళ్ళకు తెలుసు. వాళ్ళ జాగ్రత్త వాళ్ళ చేతిలో సగమే. మిగతా సగం పనిలో పెట్టుకున్నవాళ్ళ చేతిలో ఉంది. పిడుగుల వానలో గంట ఆలస్యంగా వచ్చినవాడి కూలీ కోయనని ఒక మేస్త్రీ ముందే చెబితే, ఆ మాట ఏ వానకోటుకన్నా గట్టిగా కాపాడుతుంది.

బడిపిల్లల సంగతి ఇంకా తేలిక, ఎందుకంటే అక్కడ ఆపగలిగిన పెద్దలు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకు సైకిళ్ళు అందాయి. దూరపు ఊళ్ళ పిల్లలు బడి మానకుండా చదువుకోవడానికి అవి ఎంతో ఉపకరించాయి. ఒంటిపూట బడుల రోజుల్లో పిల్లలు మధ్యాహ్నానికే ఇళ్ళకు చేరతారు. చిక్కంతా జూన్‌లోను, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లోను వస్తుంది. ఉరుముల వానలు ఎక్కువగా ముసురుకునేదీ, లాంగ్ బెల్ కొట్టేదీ ఒకే వేళ. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్ల లోపు పడుతున్న పిడుగులను ఫోన్‌లో చూపిస్తుంది. వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు హెచ్చరికలు జిల్లాలవారీగా ఇస్తుంది. హెడ్‌మాస్టరు ఫోన్‌లో ఆ యాప్ ఉంటే, బెల్ కొట్టేముందు ఒకసారి చూస్తే చాలు. ఉరుములుంటే పిల్లలను తరగతి గదుల్లోనే కూర్చోబెట్టి, ఆఖరి ఉరుము వినపడ్డ సమయాన్ని నల్లబల్ల మీద రాయాలి. దానికి అరగంట కలిపి కింద ఇంకో సమయం రాయాలి. ఆ సమయానికి సైకిల్ షెడ్డు తాళం తీయాలి. ఈలోగా ఎదురుచూసే తల్లిదండ్రులకు పిల్లలు బడిలోనే ఉన్నారని వాట్సాప్‌లో ఒక్క ముక్క పంపాలి.